స్పానిష్‌లో అభిప్రాయం రాయడం ఎలా: కనెక్టర్లు, మర్యాద, "నా ఉద్దేశంలో" అనే మాటలు

స్పానిష్‌లో బీ1 దాటి బీ2 వైపు (మధ్యస్థాయి మెట్లు ఇవి) వెళ్తున్నవాళ్ల వ్యాసాల్లో ఒక జబ్బు తరచూ కనిపిస్తుంది. గ్రామర్ పర్వాలేదు, పదాలూ బాగానే ఉంటాయి, కానీ ప్రతి వాక్యం మొదట్లో ఒక సిన్ ఎంబార్గో (అయినప్పటికీ), ఒక అదెమాస్ (అంతేకాక), ఒక పోర్ లో తాంతో (అందువల్ల) అతికించి ఉంటాయి. ఎక్కడో దొరికిన కనెక్టర్ల, అంటే వాక్యాల్ని కలిపే మాటల లిస్టు బట్టీ పట్టి, ఎన్ని వాడితే అన్ని మార్కులు అనుకుని రాసేస్తారు. తీరా చదివితే సిన్ ఎంబార్గోకి ముందున్న మాటకీ వెనకున్న మాటకీ మధ్య ఏ వైరుధ్యమూ ఉండదు. అది చదివేవాళ్లకి కనెక్టర్ లేకపోవడం కంటే ఎక్కువ చిరాకు.

నేను చెప్పేది ఒక్కటే. స్పానిష్ కనెక్టర్ గానీ, అభిప్రాయం చెప్పే మాట గానీ ఒంటరిగా రాదు. దాని వెంట మూడు వస్తాయి: తర్వాతి క్రియ ఏ రూపంలో ఉండాలి, కామా ఎక్కడ పెట్టాలి, ఎవరితో ఆ మాట వాడొచ్చు ఎవరితో వాడకూడదు. ఈ మూడూ తెలియకుండా మాటకి అర్థం ఒక్కటే నేర్చుకుంటే సగమే నేర్చుకున్నట్టు. అందుకే లిస్టు ఇవ్వట్లేదు, రాసే పని ఏ వరసలో చేయాలో ఆ వరసలో చెప్తాను.

చిన్న మాట: స్పానిష్ మాటలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే, లాటిన్ అమెరికా ఉచ్చారణకి దగ్గరగా రాస్తున్నాను. స్పెల్లింగూ, అక్షరాల మీది గీతలూ డిక్షనరీలో ఒకసారి చూసుకుని మీ నోట్‌బుక్‌లో స్పానిష్ లిపిలో రాసుకోండి. ఉదాహరణలన్నీ ఒకే విషయం మీద ఉంటాయి: బార్సిలోనాలో టూరిస్టులకి అద్దెకిచ్చే ఫ్లాట్ల గొడవ, స్పానిష్‌లో పీసోస్ తురీస్తికోస్. 2024 జూన్‌లో అక్కడి మేయర్ జౌమె కొల్బోని, ఊళ్లో లైసెన్సు ఉన్న 10,101 టూరిస్టు ఫ్లాట్లనీ 2028 నవంబరు కల్లా ఎత్తేస్తామని ప్రకటించాడు. ఆ జులైలో జనం వీధుల్లోకి వచ్చి, కొందరైతే టూరిస్టుల మీద బొమ్మ తుపాకులతో నీళ్లు కూడా కొట్టారు. ఇరువైపులా వాదన ఉన్న విషయం కాబట్టి అభిప్రాయం రాయడం ప్రాక్టీసు చేయడానికి బాగా పనికొస్తుంది.

మొదటి మెట్టు: ఎవరికి రాస్తున్నారో తేల్చుకోండి

ఒక్క అక్షరం రాయకముందే తేలాల్సిన సంగతి ఇది, ఎందుకంటే మిగతా అన్ని మాటలూ దీన్ని బట్టే మారతాయి. తెలుగువాళ్లకి నువ్వు, మీరు తేడా పుట్టుకతో వచ్చిందే గనక తూ, ఉస్తెద్ తేడా ఎందుకో ఎవరూ వివరించనక్కర్లేదు. ఇబ్బంది వేరేచోట ఉంది. మనం "మీరు వచ్చారు" అన్నప్పుడు క్రియ కూడా మీరుకి తగ్గట్టే ఉంటుంది. ఉస్తెద్ అలా కాదు, అది ఎదుటి మనిషినే సూచించినా క్రియ మాత్రం "అతను, ఆమె"కి వాడే రూపంలో వస్తుంది. "మీకు" అనడానికి వాడే లె, "మీ" అనడానికి వాడే సు కూడా అక్కడి నుంచే. ఈ కారణంగా సగం ఉత్తరం ఉస్తెద్‌తో మొదలై మధ్యలో ఎక్కడో తు ఒపిన్యోన్ (నీ అభిప్రాయం) అనో, తే ఎస్క్రీబో (నీకు రాస్తున్నాను) అనో జారిపోతుంది. ఒకే ఉత్తరంలో "మీరు చెప్పావు" అన్నట్టు ఉంటుంది అది.

ఒకరికంటే ఎక్కువమందికి రాస్తుంటే ఇంకో సంగతి. స్పెయిన్‌లో స్నేహితుల గుంపుకి బొసోత్రోస్, మర్యాదగా అయితే ఉస్తెదెస్. లాటిన్ అమెరికాలో బొసోత్రోస్ వాడుకలో లేదు, స్నేహితులైనా పెద్దలైనా అందరికీ ఉస్తెదెసే. అర్జెంటీనా, ఉరుగ్వేలలో తూ బదులు బోస్ వినిపిస్తుంది, దాని క్రియారూపాలు వేరు. కొలంబియాలో చాలాచోట్ల ఇంట్లోవాళ్లని, దగ్గరి స్నేహితులని కూడా ఉస్తెద్ అనేస్తారు. పరీక్షలో ఇందులో ఏదైనా ఎంచుకోవచ్చు, కలగాపులగం మాత్రం చేయకండి.

ఉత్తరం మొదలు, చివర కూడా ఇక్కడే తేల్చేయండి. మర్యాద ఉత్తరానికి ఎస్తిమాదో సెన్యోర్, ఆడవాళ్లకైతే ఎస్తిమాదా సెన్యోరా. స్నేహితురాలికి కెరీదా మార్తా, ఇంకా తేలిగ్గా అయితే ఓలా, మార్తా. ఎస్తిమాదో గానీ కెరీదా గానీ పెడితే ఆ సంబోధన తర్వాత కామా కాదు, రెండు చుక్కలు పెట్టాలి, తర్వాతి లైను పెద్ద అక్షరంతో మొదలవ్వాలి. ఇంగ్లీషు ఉత్తరాలు రాసి రాసి చేయి కామా వైపే పోతుంది, పట్టుకుని ఆపండి. సెన్యోర్, ఉస్తెద్ మాటలు పూర్తిగా రాస్తే చిన్న అక్షరంతోనే, పొడి అక్షరాల్లో కుదిస్తేనే పెద్ద అక్షరం.

ముగింపుకి అతెంతమెంతే పెట్టి కామా, కింద పేరు. లె సలూదా అతెంతమెంతే అని రాస్తే మాత్రం కామా ఉండకూడదు, ఎందుకంటే అక్కడ సలూదా అనే క్రియకి కర్త కింద ఉన్న మీ పేరే. కొంచెం చనువున్న ఆఫీసు మెయిలుకి ఉన్ కొర్దియాల్ సలూదో, స్నేహితులకి ఉన్ అబ్రాసో (ఓ కౌగిలింత). మేయర్‌కి ఉన్ అబ్రాసో పంపినవాళ్లున్నారు, నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ మార్కులు రావు.

రెండో మెట్టు: కనెక్టర్లు లేకుండా వాదన రాసుకోండి

ఇక్కడ చాలామంది తొందరపడతారు. ముందు నాలుగైదు పొట్టి వాక్యాల్లో, తెలుగులో అయినా సరే, చెప్పదలచుకున్నది రాయండి. ఉదాహరణకి: అద్దెలు పెరుగుతున్నాయి. కుర్రాళ్లు సిటీ మధ్యలో ఉండలేకపోతున్నారు. టూరిజం వల్ల చాలామందికి పని దొరుకుతోంది. పూర్తిగా నిషేధించడం ఒక్కటే దారి కాదు. లైసెన్సుల మీద గట్టి నిఘా కావాలి.

ఇప్పుడు ప్రతి రెండు వాక్యాల మధ్యా ఏ సంబంధం ఉందో పక్కన ఒక్క మాటలో రాయండి. మొదటిదీ రెండోదీ మధ్య కారణం. రెండోదీ మూడోదీ మధ్య వైరుధ్యం. చివరిది ప్రతిపాదన. ఎక్కడ ఏ సంబంధమూ తోచదో అక్కడ కనెక్టర్ పెట్టకండి. రెండు వాక్యాలు పక్కపక్కన ఉంటే పాఠకుడు తానే కలుపుకుంటాడు, ఆ మాత్రం తెలివి వాడికి ఉంటుంది.

ఈ పని ఎందుకు చేయాలంటే తెలుగులో మనం పనులని చేసి, వెళ్లి, చూసి అని గొలుసు కట్టేస్తాం, ఒక్క సముచ్చయం కూడా లేకుండా పేజీ పొడవు వాక్యం నడిపించగలం. ఆ అలవాటుతో స్పానిష్ రాస్తే ప్రతి "చేసి" దగ్గరా "మరియు" అనే ఒక ఇ పడుతుంది. ఇ, ఇ, ఇ అంటూ సాగే వాక్యం స్పానిష్‌లో చిన్నపిల్లలు కథ చెప్తున్నట్టు ఉంటుంది. మన గొలుసులోని ఒక "చేసి" కారణం కావచ్చు, ఇంకోటి వరస కావచ్చు, మరోటి "అయినా సరే" కావచ్చు. స్పానిష్‌లో వాటిని విడదీసి పేరు పెట్టాలి.

అన్నట్టు ఆ ఇ తర్వాతి మాట ఈ శబ్దంతో మొదలైతే ఇ కాస్తా ఎ అవుతుంది, "లేదా" అనే ఓ తర్వాత ఓ శబ్దం వస్తే అది ఊ అవుతుంది. చిన్న విషయమే, పరీక్షలో దిద్దేవాళ్ల కంట్లో పడుతుంది.

మూడో మెట్టు: సంబంధాన్ని బట్టి కనెక్టర్ ఎంచుకోండి

కారణంతో మొదలుపెడతాను, మన భాషకీ స్పానిష్‌కీ వాక్యం అల్లికలో పెద్ద తేడా ఇక్కడే ఉంది కాబట్టి. తెలుగులో కారణం ముందు వస్తుంది: "అద్దె ఎక్కువ కాబట్టి వెళ్లిపోయారు". ఈ వాక్యాన్ని పోర్కేతో మొదలుపెట్టి రాస్తే స్పానిష్ వాళ్లకి అసహజంగా తోస్తుంది, పోర్కే మామూలుగా ఫలితం తర్వాతే వస్తుంది. కారణం ముందు చెప్పాలంటే కోమో ఉంది: కోమో ఎల్ అల్కిలేర్ ఎరా మూయ్ కారో, సె ఫ్వేరోన్. అచ్చంగా మన వరసే. అందుకే తెలుగులో ఆలోచించి రాసేవాళ్లు పోర్కే కంటే ముందు కోమోని బాగా పట్టుకోవాలి. ఒక్క జాగ్రత్త: కారణం చెప్పే ఈ కోమో తర్వాత మామూలు ఇండికేటివ్ క్రియ, అంటే సంగతిని ఉన్నదున్నట్టు చెప్పే రూపం రావాలి. పొరపాటున సబ్జంక్టివ్ (అనుమానం, కోరిక, తీర్పు లాంటివాటికి వాడే క్రియారూపం) పెడితే అర్థం తిరగబడి బెదిరింపు అయిపోతుంది. కోమో నో పాగెస్ అంటే "కట్టలేదు కాబట్టి" కాదు, "కట్టకపోయావో, చూస్కో" అని.

కోమో మాటల్లోనూ రాతలోనూ నడుస్తుంది. మర్యాద పెరిగితే దాదో కే, ప్వెస్తో కే, యా కే. ఈ మూడింట్లో యా కే అన్నిటికంటే తేలికైనది, ఎక్కడైనా ఇమిడిపోతుంది. దెబీదో ఆ అనే మాట తర్వాత వాక్యం కాదు, నామవాచకం రావాలి, వెంటనే ఎల్ వస్తే రెండూ కలిసి ఆల్ అవుతాయి: దెబీదో ఆల్ తురీస్మో.

కారణం చెప్పే మాటల్లోనే అభిప్రాయం దూరిపోతుందని చాలామంది గమనించరు. దెబీదో ఆల్ తురీస్మో అంటే "టూరిజం వల్ల", తటస్థంగా ఉంటుంది. పోర్ కూల్పా దెల్ తురీస్మో అంటే తప్పంతా టూరిజందే అని వేలు చూపించినట్టు. గ్రాసియాస్ ఆల్ తురీస్మో అంటే దాని పుణ్యమా అని మంచి జరిగింది అని, లేదా మనం "పుణ్యమా అని" ఎత్తిపొడిచినట్టే వెటకారంగా కూడా. మీ పక్షం ఏమిటో క్రెయో కే (అనుకుంటున్నాను) అనకముందే ఈ మాట చెప్పేస్తుంది. కార్పొరేషన్‌కి రాసే ఉత్తరంలో దెబీదో ఆ వాడండి, స్నేహితురాలి దగ్గర గోడు వెళ్లబోసుకుంటుంటే పోర్ కూల్పా దె వాడుకోండి.

మాటల్లో విపరీతంగా వినిపించే ఎస్ కే ఒకటుంది. ఆలస్యంగా వచ్చినవాడు "అదీ... ఏం జరిగిందంటే" అని మొదలుపెట్టే సాకు లాంటిది. మర్యాద ఉత్తరంలో దానికి చోటు లేదు.

ఇక వైరుధ్యం. పెరో అందరికీ వచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు, బీ2లో కూడా పెరో రాయొచ్చు. మధ్యలో ర ఒక్కటే, రెండు రలు పెడితే కుక్క అవుతుంది. సిన్ ఎంబార్గో, నో ఒబ్స్తాంతే రెండూ "అయినప్పటికీ" తరహా, ముందు చెప్పినదాన్ని బట్టి మనం ఊహించేది జరగలేదన్నప్పుడు వాడేవి. రెండోది ఇంకాస్త బరువు. ఇద్దరినో రెండు వర్గాలనో పక్కపక్కన పెట్టి "వీళ్లు ఇలా, వాళ్లేమో అలా" అనాలంటే ఎన్ కాంబియో కావాలి: లోస్ ప్రొపియెతారియోస్ గానన్ మాస్, లోస్ బెసీనోస్, ఎన్ కాంబియో, పాగన్ మాస్. ఓనర్లు ఎక్కువ సంపాదిస్తున్నారు, చుట్టుపక్కలవాళ్లేమో ఎక్కువ కడుతున్నారు. తెలుగులో "ఏమో" చేసే పనిని ఇక్కడ ఎన్ కాంబియో చేస్తుంది. ఈ చోట సిన్ ఎంబార్గో పెట్టడం విద్యార్థుల రాతల్లో మామూలే.

పెరో, సీనో తేడా దగ్గర మన భాష ఏమీ సాయం చేయదు. "ఇది సమస్య కాదు, పరిష్కారం" అంటాం, మధ్యలో మాటే ఉండదు. స్పానిష్‌లో అక్కడ సీనో తప్పనిసరి: నో ఎస్ ఎల్ ప్రొబ్లేమా, సీనో లా సొలుసియోన్. ఒకదాన్ని కొట్టేసి దాని స్థానంలో ఇంకోదాన్ని నిలబెడుతున్నారంటే సీనో. తర్వాత క్రియ ఉంటే సీనో కే.

ఔంకే గురించి కాస్త ఆగి చెప్పాలి. ఔంకే ఎస్ కారో అంటే "ఖరీదైనదే, అయినా" అని, ఖరీదన్న సంగతి మీరు కొత్తగా చెప్తున్నారు. ఔంకే సెయా కారో అంటే "ఖరీదైతే అవనీ" అని, అది ఎదుటివాడికి తెలిసిందే అయినా, ఇంకా తేలకపోయినా, మీ వాదనకి దానితో పని లేదని. వాదనలో రెండోది చాలా పదునైన సాధనం. ఎదుటి పక్షం మాటని ఒప్పుకున్నట్టే ఒప్పుకుని పక్కకి నెట్టేయొచ్చు: ఔంకే ఎల్ తురీస్మో క్రెయె ఎంప్లేయో, లోస్ బెసీనోస్ తియేనెన్ దెరేచో ఆ ఊనా బిబియెందా. టూరిజం ఉద్యోగాలు ఇస్తే ఇవ్వనీ, అక్కడివాళ్లకి ఇంటి హక్కు ఉంది. మొదటి సగంలోని క్రెయె ఉద్యోగాలు "సృష్టించు" అనే క్రియకి సబ్జంక్టివ్, "నమ్ముతున్నాను" అనే క్రెయోతో కలపకండి. ఇదే పనికి ఆ పెసార్ దె కూడా ఉంది, దాని తర్వాత నామవాచకం గానీ క్రియ మూలరూపం గానీ వస్తుంది, పూర్తి వాక్యం కావాలంటే ఆ పెసార్ దె కే. మధ్యలో దె మింగేయకండి.

ఫలితం చెప్పే మాటలు మర్యాద మెట్ల మీద వరసగా నిలబడతాయి. అసీ కే మాటల్లోది, స్నేహితులకి. పోర్ ఎసో ఎక్కడైనా. పోర్ లో తాంతో వ్యాసాల్లో. పోర్ కొన్సిగియెంతే కోర్టు కాగితంలా వినిపిస్తుంది, నన్నడిగితే బీ2 ఉత్తరంలో అది అక్కర్లేదు. దె ఆయీ కే మాత్రం నేర్చుకోదగ్గది, దాని వెంట సబ్జంక్టివ్ వస్తుంది: దె ఆయీ కే మూచోస్ బెసీనోస్ ప్రొతెస్తెన్. "అందుకే చాలామంది నిరసన తెలుపుతున్నారు" అని నిజంగా జరిగినదే చెప్తున్నా సబ్జంక్టివే.

కలిపి చెప్పడానికి అదెమాస్ చాలు, మర్యాద పెరిగితే అసిమీస్మో. ఎన్సీమా కూడా "పైగా"నే, అయితే "చేసింది చాలక పైగా" అన్నప్పటి పైగా. ఫిర్యాదు వాసన ఉంటుంది, చనువున్నచోటే వాడాలి. వరస పెట్టడానికి ఎన్ ప్రిమేర్ లుగార్, పోర్ ఊల్తిమో, రెండు వైపులు చూపించడానికి పోర్ ఉన్ లాదో, పోర్ ఓత్రో. పోర్ ఉన్ లాదో మొదలుపెట్టాక రెండోది మర్చిపోకండి, చదివేవాడు దానికోసం ఎదురు చూస్తూనే ఉంటాడు.

ఒక ఉచ్చు: అక్త్వల్మెంతే అంటే "ఇప్పుడు, ఈ రోజుల్లో". ఇంగ్లీషులో అలాగే వినిపించే మాటని తలుచుకుని "నిజానికి" అనుకుంటే వాక్యం చెడిపోతుంది. నిజానికి అనడానికి ఎన్ రెయలిదాద్ ఉంది, చెప్పినదాన్ని బలపరుస్తూ "ఆ మాటకొస్తే" అనాలంటే దె ఏచో.

నాలుగో మెట్టు: అభిప్రాయం చెప్పే మాట, దాని వెనక క్రియ

తెలుగులో అభిప్రాయం చివర వస్తుంది, "...అని అనుకుంటున్నాను". స్పానిష్‌లో అది ముందుకి వస్తుంది, మన "అని"కి సాటి వచ్చే కే కూడా దాన్ని అంటిపెట్టుకుని వస్తుంది: క్రెయో కే. ఇంగ్లీషులో ఆ మాటని వదిలేసినా నడుస్తుంది గనక కొందరు క్రెయో ఎస్ అని రాసేస్తారు. స్పానిష్‌లో కే వదలడానికి వీల్లేదు. యో మాత్రం వదిలేయొచ్చు, "అనుకుంటున్నాను" అంటేనే నేను అని తెలిసినట్టు క్రెయోలోనే నేను ఉంది. యో క్రెయో అని పనిగట్టుకుని రాస్తే "మిగతావాళ్ల సంగతి ఎలా ఉన్నా నేనైతే" అన్న ఊనిక వస్తుంది, అది కావాలనుకున్న ఒక్కచోటే వాడండి.

క్రెయో కే, ప్యెన్సో కే ఎవరితోనైనా నడుస్తాయి. ఒపీనో కే, కొన్సిదేరో కే కాస్త పై మెట్టు. ఎన్ మి ఒపిన్యోన్, దెస్దె మి పుంతో దె బీస్తా, ఆ మి మోదో దె బేర్, ఆ మి హ్విసియో అన్నీ "నా దృష్టిలో" అనేవే, చివరిది ఎక్కువ గంభీరం. బాహో మి పుంతో దె బీస్తా అని కూడా వింటుంటారు, రాతలో దెస్దెతోనే రాయడం మంచిది. "నా ప్రకారం" అన్న మన వాడుకని పట్టుకుని సెగూన్ యో అని రాయకండి. సెగూన్ ఇతరుల మాట చెప్పడానికి: సెగూన్ ఎల్ అల్కాల్దే, లోస్ అల్కిలేరెస్ ఆన్ సుబీదో ఉన్ 68 పోర్ సియెంతో ఎన్ ద్యెస్ ఆన్యోస్. పదేళ్లలో అద్దెలు 68 శాతం పెరిగాయని మేయర్ చెప్పిన మాట ఇది. అంకె ఎవరిదో చెప్పేశారు, బాధ్యత ఆయన మీదే ఉంది.

ఇప్పుడు అసలు పరీక్ష. క్రెయో కే ఎస్ ఇండికేటివ్. దానికి నో తగిలిస్తే నో క్రెయో కే సెయా, సబ్జంక్టివ్. మీరు ఒక సంగతి ఉందని ప్రకటిస్తుంటే ఇండికేటివ్, ప్రకటించడానికి నిరాకరిస్తుంటే సబ్జంక్టివ్. ఈ ఒక్క ఆలోచన పట్టుకుంటే లిస్టు బట్టీ కొట్టక్కర్లేదు. ఎస్ బెర్దాద్ కే, ఎస్తా క్లారో కే, ఎస్ ఎబిదెంతే కే అన్నీ ప్రకటనలు, ఇండికేటివ్. వాటికి నో తగిలిస్తే సబ్జంక్టివ్. దూదో కే అంటే అనుమానమే, సబ్జంక్టివ్.

మె పరేసే దగ్గర మాత్రం జనం తడబడతారు. మె పరేసే కే ఎస్ ఇన్హూస్తో: "అది అన్యాయం అనిపిస్తోంది", ప్రకటన, ఇండికేటివ్. మె పరేసే ఇన్హూస్తో కే సూబన్ లోస్ అల్కిలేరెస్: "అద్దెలు పెంచడం అన్యాయంగా తోస్తోంది", ఇక్కడ అద్దెలు పెంచుతున్నారని మీరు ప్రకటించట్లేదు, తెలిసిన సంగతి మీద తీర్పు చెప్తున్నారు, అందుకే సబ్జంక్టివ్. మధ్యలో విశేషణం దూరిందంటే సబ్జంక్టివ్ అని గుర్తుపెట్టుకున్నా సరిపోతుంది, ఎబిదెంతే, క్లారో, బెర్దాద్ లాంటి "నిజమే" అనే మాటలు తప్ప. ఎస్ ఇంపొర్తాంతే కే, ఎస్ నెసెసారియో కే కూడా తీర్పులే.

"బహుశా"కి తాల్ బెస్, కిసాస్ వాడితే రెండు రూపాలూ కుదురుతాయి, అనుమానం ఎక్కువైతే సబ్జంక్టివ్. ఆ లో మెహోర్ చనువు మాట, దానికి ఇండికేటివే.

ఒప్పుకోవడం, కాదనడం: ఎస్తోయ్ దె అక్వేర్దో కోన్. సోయ్ కాదు, ఎస్తోయ్. "మీరు చెప్పింది నిజం" అనడానికి తియేనె రసోన్, అక్కడ ఉండు క్రియ కాదు, కలిగి ఉండు క్రియ. మర్యాదగా కాదనాలంటే నో కొంపార్తో సు ఒపిన్యోన్.

అభిప్రాయాన్ని మెత్తబరచడం కూడా మర్యాదలో భాగమే. ఎల్ అయుంతమ్యెంతో దేబె అంటే కార్పొరేషన్ చేసి తీరాలి అని, ఎల్ అయుంతమ్యెంతో దెబెరీయా అంటే చేస్తే బాగుండు, చేయాలి అని. "కావాలి" అనడానికి కియేరో కంటే కిసియేరా, మె గుస్తరీయా మెత్తన. అన్నిటికంటే పనికొచ్చే మర్యాద వాక్యం లె అగ్రదెసెరీయా కే, దాని వెనక భూతకాలపు సబ్జంక్టివ్: లె అగ్రదెసెరీయా కే మె ఎంబియారా మాస్ ఇన్ఫొర్మసియోన్, మరింత సమాచారం పంపితే కృతజ్ఞుణ్ని. ఈ ఒక్క వాక్యాన్ని క్రియ మార్చి మార్చి నోటికి వచ్చేలా చేసుకోండి, ఏ ఉత్తరంలోనైనా పనికొస్తుంది.

ఎన్నిసార్లు "నా ఉద్దేశంలో" అనాలి? 180 పదాల్లో రెండు మూడు చాలు. వ్యాసం రాస్తున్నది మీరేనని వాళ్లకి తెలుసు.

ఐదో మెట్టు: కామాలు

సిన్ ఎంబార్గో, అదెమాస్, పోర్ లో తాంతో లాంటివి వాక్యంలో విడిగా నిలబడతాయి: ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ, తర్వాత కామా. వాక్యం మధ్యలో వస్తే రెండు వైపులా కామా. పెరోకి కామా ముందు పెట్టాలి, తర్వాత కాదు. ఔంకే తర్వాత కామా ఉండదు, ఆ ఉపవాక్యం అయిపోయిన చోట ఉంటుంది, కోమోకీ అంతే. క్రెయోకీ కేకీ మధ్య కామా లేదు, ఆ మధ్యలో సిన్ ఎంబార్గో లాంటి మాట దూరిస్తే మాత్రం దానికి రెండు వైపులా వస్తుంది.

ఆరో మెట్టు: కలిపి రాసి చూడండి

ముందు ఇలా రాశారనుకోండి: ఓలా సెన్యోర్ అల్కాల్దే. యో ప్యెన్సో లోస్ పీసోస్ తురీస్తికోస్ సోన్ ఉన్ ప్రొబ్లేమా ఇ లోస్ అల్కిలేరెస్ సూబెన్ మూచో ఇ లోస్ హోబెనెస్ నో ప్వేదెన్ బిబీర్ అకీ ఇ యో నో క్రెయో కే లా ప్రొఇబిసియోన్ ఎస్ లా సొలుసియోన్. సిన్ ఎంబార్గో తూ దేబెస్ కొంత్రొలార్.

అర్థమవుతుంది, కానీ మేయర్‌ని తూ అన్నారు, కే పోయింది, ఇ గొలుసు కట్టింది, నో క్రెయో కే వెనక ఎస్ వచ్చింది, చివరి సిన్ ఎంబార్గో దేనికీ ఎదురు చెప్పట్లేదు. ఇప్పుడు మళ్లీ:

ఎస్తిమాదో సెన్యోర్ అల్కాల్దే:
మె దిరీహో ఆ ఉస్తెద్ పారా దార్లె మి ఒపిన్యోన్ సోబ్రె లోస్ పీసోస్ తురీస్తికోస్. దాదో కే లోస్ అల్కిలేరెస్ నో దేహన్ దె సుబీర్, మూచోస్ హోబెనెస్ యా నో ప్వేదెన్ బిబీర్ ఎన్ ఎల్ సెంత్రో. నో క్రెయో, సిన్ ఎంబార్గో, కే లా ప్రొఇబిసియోన్ సెయా లా ఊనికా సొలుసియోన్. ఆ మి హ్విసియో, ఎల్ అయుంతమ్యెంతో దెబెరీయా కొంత్రొలార్ మెహోర్ లాస్ లిసెన్సియాస్. లె అగ్రదెసెరీయా కే తుబియేరా ఎన్ క్వెంతా ఎస్తా ప్రొప్వెస్తా.
అతెంతమెంతే,

ఇందులో సిన్ ఎంబార్గోకి పని ఉంది: అద్దెల బాధ విన్నవాడు "అయితే నిషేధించమంటాడు కాబోలు" అనుకుంటాడు, ఆ ఊహని అది అడ్డుకుంటోంది. మొత్తం మీద బరువైన కనెక్టర్లు రెండే, దాదో కే, సిన్ ఎంబార్గో. చాలు.

అదే సంగతి స్నేహితురాలికి: ఓలా, మార్తా, కే తాల్? ఓయే, ఆస్ బీస్తో లో దె లోస్ పీసోస్ తురీస్తికోస్? కోమో ఎల్ అల్కిలేర్ ఎస్తా పోర్ లాస్ నూబెస్, మిస్ అమీగోస్ సె ఆన్ ఈదో దెల్ సెంత్రో, ఇ ఎన్సీమా లోస్ బారెస్ దె సియెంప్రే ఎస్తాన్ సెర్రాందో. లా బెర్దాద్ ఎస్ కే నో క్రెయో కే ప్రొఇబీర్లోస్ సెయా లా సొలుసియోన్, పెరో ఆల్గో ఆయ్ కే అసేర్, నో? తూ కే ప్యెన్సాస్? ఉన్ అబ్రాసో.

దాదో కే పోయి కోమో వచ్చింది, సిన్ ఎంబార్గో పోయి పెరో వచ్చింది, ఎన్సీమాకి చోటు దొరికింది. నో క్రెయో కే వెనక సెయా మాత్రం కదల్లేదు. చనువు ఎంతైనా సబ్జంక్టివ్‌కి మినహాయింపు లేదు. ప్రశ్నలకి ముందు తలకిందుల ప్రశ్నార్థకం పెట్టడం మర్చిపోకండి, ఫోన్ మెసేజిల్లో స్పానిష్ వాళ్లే వదిలేస్తారు గానీ పరీక్షలో వదలకూడదు.

ఒకే విషయాన్ని ఇలా రెండు రకాలుగా రాయడమే నాకు తెలిసిన అన్నిటికంటే మంచి ప్రాక్టీసు. ఒక్కోసారి మూడో రకం కూడా చేయండి: ఎదుటి పక్షం తీసుకుని, ఫ్లాట్ ఓనరుగా.

పరీక్ష రాసేవాళ్లకి

ఇన్‌స్తితూతో సెర్బాంతెస్ అనే సంస్థ పెట్టే దేలె స్పానిష్ పరీక్ష బీ2 స్థాయిలో రాత భాగానికి 80 నిమిషాలు, రెండు పనులు, ఒక్కోదానికి 150 నుంచి 180 పదాలు. మొదటిది ఉత్తరం, దానికి ముందు ఒక ఆడియో వినిపిస్తారు, అందులోని సమాచారం మీ ఉత్తరంలో రావాలి. రెండోదానికి రెండు ప్రశ్నల్లో ఒకటి ఎంచుకోవచ్చు. రాతకి 25 మార్కులు, చదవడం 25తో కలిపి 50కి కనీసం 30 రావాలి, కాబట్టి ఒకటి తగ్గినా ఇంకోటి కాపాడొచ్చు. దిద్దేవాళ్లు చూసేవి నాలుగు: రాత రకానికి తగ్గట్టు ఉందా, పొందిక ఉందా, తప్పుల్లేవా, భాష ఎంత విస్తారంగా ఉంది. కనెక్టర్లు పొందికలోకి వస్తాయి, ఉస్తెద్ సంగతి మొదటిదాన్లోకి, సబ్జంక్టివ్ మూడోదాన్లోకి. కనెక్టర్లు కుప్ప పోస్తే పెరిగేది ఇందులో ఏదీ లేదు.

చివరి పది నిమిషాలు మిగుల్చుకుని ఈ వరసలో చూసుకోండి. మొదట తూ, తే, తు ఎక్కడైనా ఉస్తెద్ ఉత్తరంలో దూరాయేమో వేలు పెట్టి వెతకండి. తర్వాత ప్రతి నో క్రెయో కే, ఎస్ ఇంపొర్తాంతే కే వెనకున్న క్రియ చూడండి. తర్వాత ప్రతి కనెక్టర్‌ని మనసులో కొట్టేసి చదవండి, తీసేసినా వాక్యాల సంబంధం మారకపోతే నిజంగానే కొట్టేయండి. టైమ్ మిగిలితే సంబోధన పక్కన రెండు చుక్కలు ఉన్నాయో లేదో చూసుకుని పేపరు ఇచ్చేయండి.